కంచెకు ఎటువైపు

పది నెలలు వెల్డింగ్ చేశానక్కడ.
లింపోపో దగ్గర ఒక దొర సొంత అడవికి కంచె.
అడవికి సొంతదారుంటాడని
అప్పుడే తెలిసింది నాకు.

తొమ్మిది వరసల తీగ, తీగలో కరెంటు.
నా నిప్పురవ్వలకి దూరాన
జిరాఫీలు మెడలు తిప్పేవి.
లోపల సింహాలు, బయట మేము.
ఎవరి నుంచి ఎవరిని కాయడానికో
మేస్త్రీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆఖరి రోజున, పోనీలే పాపమని
టూరిస్టుల జీపులో వెనక సీటు ఇచ్చారు.
ముందంతా తెల్లటోపీలు, బైనాక్యులర్లు, ఫ్లాస్కులో కాఫీ.
దారికి అడ్డంగా సింహం,
మా కల్లంలో ధాన్యం పక్కన కుక్క పడుకున్నట్టు.
డ్రైవరు సిఫో గొంతు తగ్గించాడు:
"లేవొద్దు. దాని కంటికి
జీపూ మనమూ కలిపి ఒకటే జంతువు."
లేచామా, వేరుపడ్డట్టే,
వాటా తీసుకుని గుమ్మం దిగిన తమ్ముడిలా.
సింహం ఆవలించింది.
ఆ నోటి కంపు
ఇప్పటికీ నా చొక్కాలో ఎక్కడో ఉంది.

ఇది మే నెల. మందస దాటాక
ఎకరం ముప్పై సెంట్ల జీడితోట మాది.
తెల్లారగట్ల నాలుగున్నరకి
రాలిన పిక్కలేరాలి.
చేతిలో రేకుడబ్బా, కర్ర.
డబ్బా కొట్టుకుంటూ నడవాలి, మా ఊళ్లో హారనదే.
ఆ రోజు కొట్టలేదు.
పెదనాన్నని పలాస డయాలసిస్‌కి తీసుకెళ్లే ఆటో
వస్తుందో రాదో ఫోన్లో కనుక్కుంటున్నాను.

పనసచెట్టు మొదట్లో చీకటి కదిలింది.
ముందు వాసన, పులిసిన జీడిపండు, తడిసిన గోనె.
తర్వాత చప్పుడు,
కొలిమితిత్తి ఊదినట్టు, హుఫ్, హుఫ్.
ఆ తర్వాతే ఎలుగు.
వీపు మీద పిల్ల.
పిల్ల మూతికి పనసజిగురు,
జిగురుకి అంటుకుని ఒక ఎండుటాకు.

నేను నిలబడే ఉన్నాను.
కలిసిపోదామంటే జీపు లేదు.
"ఏటి, ఇనబడతందా?" అంటున్నాడు ఆటోవాడు.
అదీ నేనూ ఇద్దరం వింటున్నాం.

తల్లి వెనకకాళ్ల మీద లేచింది.
చీకట్లోంచి అదీ వేరుపడింది.
రొమ్ము మీద తెల్లగీత,
అరిగిపోయిన కొడవలంత.

దాలమ్మ మాట గుర్తొచ్చింది.
రెండేళ్ల కిందట సగం నెత్తి
ఎలుగుకి ఇచ్చొచ్చిన మనిషి,
తల మీద కొంగు తియ్యదు.
"కాలు కదపకు. సూపు కలపకు.
అదీ పొట్టకే వచ్చింది బాబూ,
నాకన్నా ముందొచ్చింది, అంతే."

ఎంతసేపో తెలీదు.
ఫోను లెక్కలో ఒక నిమిషం పదకొండు సెకన్లు.
ఎలుగు దిగింది. సగం పనసకాయ
ఈడ్చుకుంటూ మొగలిపొదల్లోకి పోయింది.
పిల్ల మాత్రం వెనక్కి తిరిగి చూసింది,
టూరిస్టులా.

"వస్తావా?" అన్నాను ఫోన్లో.
"బేగి రడీ అవ్వండి" అన్నాడు.

సాయంత్రం కుర్రాళ్లొచ్చారు.
కంచెలు చేసినోడివి కదా,
మన తోటలకీ చెయ్యి, చందాలేసుకుంటామన్నారు.
స్తంభానికి స్తంభానికి ఎన్నడుగులని అడిగారు.
లెక్క వచ్చు నాకు.
వేలితో ఇసకలో గీశాను కూడా.
ఎటువైపు నిలబడి అతకాలో
ఇంకా తేల్చుకోలేదు.