దోసిలి

మా అయ్య పాలేరుతనం చేసిన చేను
మూడెకరాల ఇరవై సెంట్లు.
ఆ లెక్క నాకు రెండో ఎక్కం కంటే ముందొచ్చింది.
వానకి ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో,
ఏ సాల్లో విత్తనం పడినా మొలవదో,
పాము ఏ గట్టున కుబుసం విడుస్తుందో
అన్నీ తెలుసు నాకు.
పట్టా మాత్రం కామందు బీరువాలో ఉండేది.

గాలి చూసుకుని కట్టారంట మా పల్లెని,
మా మీదుగా ఊళ్ళోకి వీచకుండా.
మిరపకల్లం ఘాటు మాత్రం
ఎవరి మాటా వినకుండా అటూ ఇటూ తిరిగేది.

కోతలప్పుడు నాకు బడి లేదు.
ఎండ అమ్మ వీపు మీద, అమ్మ నీడ నా మీద.
తొడిమ చిటుక్కుమంటేనే పండిన కాయ,
లేకపోతే వదిలెయ్యమనేది.
పొద్దు నడినెత్తికొచ్చేసరికి వేళ్ళు
పొయ్యిలోంచి లాగిన పుల్లల్లా ఉండేవి.
కన్ను దురదపెడితే మోచెయ్యి,
ముక్కు కారితే భుజం.
రాత్రి మజ్జిగ దొరికితే మజ్జిగ,
దొరక్కపోతే బూడిద పూసేది అమ్మ.

దాహమేస్తే బావి దగ్గర నిలబడాలి.
చేద ముట్టకూడదు.
ఎవరో ఒకరు వచ్చేదాకా నిలబడాలి.
"ఇశ్రాయేలు పిల్లవు గదూ, ఎడంగా జరుగు" అని
వెంకాయమ్మగారు చెంబు ఎత్తి పోసేది.
వంగి దోసిలి పట్టేదాన్ని.
నీళ్ళు నా చేతుల మంటని కడిగి
నోట్లోకి తెచ్చేవి.
మా పల్లె గుంటలో నీళ్ళు ఉప్పన,
కామందుల బావిలో నీళ్ళు కారం
అనుకున్నాను ఎనిమిదేళ్ళొచ్చేదాకా.
వాళ్ళకి అన్నీ ఎక్కువే గదా.

కామందు కొడుకు శేషగిరిది నా ఈడే.
జేబులో వేరుశనక్కాయలు నాకోసం నేల మీద పెట్టేవాడు.
చేతికివ్వకూడదని వాడికెవరూ చెప్పినట్టు లేదు.
నడక వచ్చినట్టు వచ్చేసింది, వాడికీ నాకూ.

ఆ ఏడు అమ్మకి చలిజ్వరం.
నన్నెవరి దగ్గర వదలాలో తెలీక
అయ్య ట్రాక్టరు ఎక్కించాడు.
యాభై రెండు టిక్కీలు, వాటి మీద పట్టా, పట్టా మీద నేను.
ముందు వాళ్ళ నాన్న పక్కన శేషగిరి.
ఏటుకూరు దాటాక తెల్లారింది.
గుంటూరు ముందు ముక్కుకి తగిలింది,
తర్వాతే కళ్ళకి కనపడింది.

యార్డులో అందరూ దగ్గుతున్నారు.
కామందు దగ్గాడు, కాటా గుమస్తా దగ్గాడు.
నేను దగ్గలేదు.
బేరగాడు గుప్పెడు కాయలు తీసి వాసన చూసి
బాగున్నాయన్నాడు.
ఎవరు కోశారని అడగలేదు.

గేటు బయట టీబంకు.
అయ్య బస్తాలు మోస్తున్నాడు, నా గొంతెండిపోయింది.
నీళ్ళు కావాలని
ఎప్పట్లాగే వంగి దోసిలి పట్టాను.

బంకు కుర్రాడు గ్లాసు ఎత్తి ఆగాడు.
"చేతులు కడుక్కుంటావా?" అన్నాడు.
కాదని తలూపాను.
నా వంక కాసేపు చూసి
దోసిట్లో గ్లాసు పెట్టేశాడు.

గాజు గ్లాసు. అంచున ఒకచోట పెచ్చూడింది.
ఎలా పట్టుకోవాలో తెలీక
పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాను.
తాగాను.
కారం లేదు.

వెనక శేషగిరి నిలబడి ఉన్నాడు.
వాడూ నీళ్ళడిగాడు.
కుర్రాడు అదే గ్లాసు తొలిచి నింపి చాపాడు.
శేషగిరి గ్లాసుని చూశాడు, నన్ను చూశాడు.
దాహం లేదన్నాడు.
వాడి కళ్ళు కారుతూనే ఉన్నాయి,
ఘాటుకే అయ్యుంటుంది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను
గుంటూర్లో నీళ్ళు కారంగా ఉండవని.
అమ్మ దుప్పట్లోంచి చెయ్యి చాపి
నా అరచేతులు అటూ ఇటూ తిప్పి చూసింది.
ఏదో అనబోయింది.
"పడుకో, రేపు తాలుకాయలు ఏరాలి" అంది.