వెనక తలుపు

మా నాన్న తాళాలు బిగించేవాడు. ఆయన తర్వాత నేను.
అందుకే నెబ్రాస్కా గాలికి నిలబడ్డ ఆ ఇటుకల మేడ కథ
నాకు తారీఖుల్లో గుర్తుండదు,
తాళాల్లో గుర్తుంటుంది.

పైన రాతిలో 188 అని ఉంటుంది.
చివరి అంకెను ఏదో వడగళ్ల వాన రాల్చేసింది.
ఏ ఏడు కట్టారని అడగండి,
పదిమంది పది అంకెలు చెబుతారు,
ప్రతివాడూ మా తాత చెప్పాడనే అంటాడు.

మొదట ఇనుప సామాన్ల కొట్టు.
వాట్స్లావ్ హ్రూష్కా మేకులు తూకానికి అమ్మేవాడట.
ముల్లు నిలిచాక ఇంకో రెండు మేకులు పడేసేవాడట.
దుమ్ము తుఫాన్ల కాలంలో
అరచేతికి నిండుగా వచ్చే ఇత్తడి చెవిని
బ్యాంకు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.
వీధి చివరిదాకా జేబు తడుముకుంటూనే వెళ్లాడని
నాన్న చెప్పేవాడు.
ఆ సాయంత్రం ముందు తలుపుకి కొత్త తాళం నాన్నే వేశాడు.
పాత చెవిని కాఫీ డబ్బాలో పడేశాడు.

తర్వాత ఎల్నా సెడెర్‌గ్రెన్ టోపీల కొట్టు.
ఆడవాళ్లు టోపీలు మానేసిన ఏడాది బొత్తాలు అమ్మింది.
బొత్తాలూ అయిపోయాక ఏమీ అమ్మలేదు.
అయినా ఆరు నెలలు
పొద్దున్నే వచ్చి, అద్దాలు తుడిచి, తెరిచి కూచుంది.

ప్రోకప్ అన్నదమ్ముల టీవీ రిపేరు నా హయాంలోనే.
ఒకరిని ఒకరు నమ్మడం మానేశాక నన్ను పిలిచి
ఇద్దరూ వస్తేనే తెరుచుకునేట్టు రెండు తాళాలు వెయ్యమన్నారు.
వేశాను. మంచి పనే. పదకొండేళ్లు చెక్కు చెదరలేదు.
జనవరిలో డ్వేన్ పోయాడు.
లెస్టర్ తన చెవి తిప్పి, తలుపు తొయ్యకుండా
పేవ్‌మెంటు మీద మంచులో నిలబడి ఉన్నాడు.
రెండోది నేను పగలగొట్టాను.
ముప్పై డాలర్లు తీసుకున్నాను.
ఆ ముప్పై డాలర్లూ ఇంకా ఖర్చు కాలేదనిపిస్తుంది.

ఆపైన తాళాలు తొందర తొందరగా మారాయి.
వీడియో క్యాసెట్లు. నవంబరులో దీపాల కింద ఎండ అమ్మే కొట్టు.
పన్నుల కాగితాలు నింపే మనిషి, మూడంటే మూడు నెలలు.
పద్నాలుగు మంది భక్తులూ ఒక డ్రమ్మూ ఉన్న చర్చి.
ఆ తర్వాత నాలుగేళ్లు పావురాలు.
వాటికి తాళం అక్కర్లేదు.
తలుపు చెక్కలో ఇప్పుడు కర్ర కన్నా పుట్టీయే ఎక్కువ.

కిందటి మార్చిలో యులాలియా త్సోక్ పిలిచింది.
మాంసం ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ల రాత్రి షిఫ్టు,
కవర్లలో దాచిన డబ్బు, ఒక పాత పొయ్యి.
రొట్టెల కొట్టు పెడుతుందట.
"దీని చెవులు ఎంతమంది దగ్గరున్నాయి?" అంది.
"బతికున్నవాళ్లలోనా?" అన్నాను.
నవ్వలేదు. తాళం మార్చమంది.

పిండి బస్తాలకి చోటు కోసం వెనక అలమర జరిపితే
బొగ్గు దింపుకునే సందు తలుపు బయటపడింది.
టోపీలవాళ్లు, టీవీలవాళ్లు, దేవుడివాళ్లు
అందరూ దానికి ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నవాళ్లే.
"ఇది తెరుచుకోదా?"
తొంభై ఏళ్లలో అడిగిన మొదటి మనిషి.

ఇంటికెళ్లి కాఫీ డబ్బా తెచ్చాను.
మొదట తిరగలేదు. నూనె పోశాం.
వాళ్ల పిల్లవాడు మాటేవ్ ఫోను వెలుగు పట్టుకున్నాడు.
ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు,
ఆ వెనకే సందులోంచి చలిగాలి.

గుమ్మం లోపలి చెక్క మీద పెన్సిలు రాత.
చెక్ అక్షరాల్లో పేర్లు, పక్కన పౌన్లు.
హ్రూష్కా అరువు పద్దు.
కింది నుంచి మూడోది మా తాత పేరు:
మేకులు ఆరు పౌన్లు, బాకీ.

వాడు చదివి వాళ్లమ్మకి చెప్పాడు.
ఆమె చేతి పిండి దులుపుకుని
చెవి వెనక పెన్సిలు తీసి నాకిచ్చింది,
కొట్టేసుకో అన్నట్టు.

పట్టుకున్నాను కాసేపు.
తిరిగిచ్చేశాను.
తాళం కూలి ఎంతంటే, ఆ పద్దు కిందే రాయమన్నాను.