తగలెయ్యని తెప్ప

ఈ మీట లాగితే ఇప్పుడు ఏదీ కదలదు.
దాని వెనక ఇనప తాడు లేదు,
తాడు చివర మోటారు లేదు,
మోటారు పక్కన చెవులకు దూది పెట్టుకున్న జెమాల్ లేడు.
అయినా రోజుకు నలభైసార్లు లాగుతాను.
ఫోటో కోసం.

జార్జియా కొండల్లో మా ఊరు ఒక లోతు చెంబు.
అడుగున నది, బజారు, ఆసుపత్రి.
అంచు మీద మాంగనీసు గని, గనివాళ్ళ ఆరంతస్తుల ఇళ్ళు.
నడుమంతా గాలి.
ఆ గాలిలో పదకొండో నంబరు ఇనప పెట్టె,
పెట్టెలో తలుపు గడియ మీద చెయ్యి వేసుకుని
ముప్పై ఒక్క ఏళ్ళు, నేను, నానులి.

టికెట్టు లేదప్పుడు.
గనిదే తాడు, గనిదే కరెంటు, గనిదే నా జీతం.
వస్తే డబ్బు, రాకపోతే పిండి బస్తా,
ఒక చలికాలం ఆరు రబ్బరు బూట్లు
ఆరూ ఎడమ కాలివే.

ఎవరు ఏ వేళకు పైకి పోతారో
ఎవరు ఎందుకు కిందికి దిగడం మానేశారో
అన్నీ నా కడుపులో ఉండేవి.
వాలికో ఒంటికాలితో మెట్లెక్కి వచ్చేదాకా
ఎందరు గొణిగినా పెట్టె ఆగేది.
ఒకసారి పియానో ఎక్కించాం, మోసుకొచ్చిన నలుగురినీ దింపేసి.
శవపేటికైతే నిలువుగా.
త్సియాలా మొగుణ్ణి దించిన రోజు
అతను బతికుండగా ఎన్నడూ పట్టుకోనంత గట్టిగా
ఆ చెక్కను పట్టుకుని నిలబడింది.

కరెంటు లేని ఏళ్ళలో ఒక రాత్రి
తొమ్మిది మందిమి లోయ మధ్యలో ఆగిపోయాం.
ఒక రొట్టె. ఒక అగ్గిపెట్టె. ఒక బకెట్టు,
దానికి కళ్ళు మూసుకునే వంతులు.
పదేళ్ళుగా పలకరించుకోని అన్నదమ్ములిద్దరు
తెల్లారేసరికి కలిసిపోయారని చెబితే బాగుంటుంది.
లేదు.
ఆవు గురించి మళ్ళీ మొదటినుంచి పోట్లాడుకున్నారు.

మంచి రోజులని అనను.
తాడు పోగులు తెగి వేలాడేవి,
వాటికి గ్రీజు పూసి పైవాడి మీద భారం వేసేవాళ్ళం.
గాలిలో దీపం పెట్టడం మాకు సామెత కాదు,
ఉద్యోగం.

తర్వాత కొత్తవి వచ్చాయి.
గాజు గోడలు. తలుపు తనే తెరుచుకుంటుంది, తనే మూసుకుంటుంది.
ఒకే ఆడగొంతు మూడు భాషల్లో జాగ్రత్త చెబుతుంది,
మీ అమ్మకు జ్వరం తగ్గిందా అని
ఒక్క భాషలోనూ అడగదు.
నిజం చెప్పాలి కదా, నా మోకాళ్ళు వాటికి దండం పెడతాయి.
కానీ అవి ఎవరికోసమూ ఆగవు.
తిరుగుతూనే ఉంటాయి
ఖాళీ గిన్నెలో గరిటలా.

పైన మా బ్లాకులో రాత్రి దీపాలు లెక్కపెడితే ఏడు.
మిగతావాళ్ళు పోలండులో కోళ్ళు కోస్తున్నారు,
ఇటలీలో పరాయి ముసలివాళ్ళకు స్నానం చేయిస్తున్నారు.
నా మేనల్లుడు టిబిలిసీలో వీపున చదరపు డబ్బా కట్టుకుని
సైకిలు మీద వేడి భోజనాలు మోస్తాడు.
వాడూ పెట్టె మనిషే.

ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు.
మావాళ్ళు తగలెయ్యలేదు.
తుప్పు గీకేసి
తుప్పు రంగే మళ్ళీ పూసి
గుమ్మానికి టికెట్టు కట్టారు.
నా పాత యూనిఫాం కొత్త గుడ్డతో కుట్టించారు,
మోచేతుల దగ్గర మాసికలతో సహా.
జీతం ఒకటో తారీఖునే పడుతుంది.
నిజంగా లాగిన ముప్పై ఒక్క ఏళ్ళలో
ఒక్క నెలా అలా పడలేదు.

నిన్న జెమాల్ మనవరాలు వచ్చింది, ఎనిమిదేళ్ళుంటాయి.
ఫోటో వద్దంది.
పైకి పోనివ్వు అంది.

గడియ వేశాను. మీట మీద చెయ్యి పెట్టాను.
నోరు దానంతటదే అంది:
ఉండమ్మా, వాలికో ఇంకా రాలేదు.

పిల్ల కిటికీలోంచి మెట్లవైపు చూస్తూ నిలబడింది.
బయట టికెట్లు పట్టుకున్న వరుస గొణిగింది.

గొణగనీ.