వాపస్ గాలి

సైనిక్‌పురి, ఆరో గల్లీ, మధ్యాహ్నం రెండు.
గేటు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమన్నది.
"మూడు రోజులాయె. గాలొస్తది, సల్లగ రాదు" అన్నది మేడమ్.
చేతిల ఇంటర్ పిల్లల లెక్కల పేపరు,
దాంతోనే విసురుకుంటున్నది.
ఎర్ర సిరా మార్కులు పైకీ కిందికీ.

మొదలు చిన్నయి చూస్తం మేం.
పెద్ద రోగం అనేముందు గోడ మీది మీట చూడాలె.
ఒక్కోసారి ఎవరో పిల్లగాడు హీట్ మీదికి తిప్పి మర్చిపోతడు,
రెండు నిమిషాల పని, ఇంటోళ్ళకు ఏడాది సిగ్గు.
ఇక్కడ కూల్ మీదనే ఉన్నది. ఇరవై రెండు.
బ్రేకర్ పడలే.
ఫిల్టర్ తీస్తే బూడిద రంగు ఉన్ని, దులిపి కడిగిన,
కానీ ఇంత ఉడుక్కి అది చాలదు.

షోయబ్‌ని మిద్దె మీదికి తోలిన.
"ఉస్తాద్, దోనో చల్‌రే!" పైనుంచి కేక.
పంఖా, కంప్రెసర్ రెండూ తిరుగుతున్నయి.
జాలీల ఇరుక్కున్న వేపపూత నీళ్ళు కొట్టి దించిండు.
కెపాసిటర్ పొట్ట ఉబ్బలే.
గ్యాస్ అయిపోయిందని నాలుగు వేలు గుంజేటోళ్ళు
ఈ పట్నంల శానమంది.
అబద్ధమెందుకు, నేను గూడ ఒకపారి గుంజిన,
చిన్నదాని ఫీజు కట్టే నెల.
ఆ ఇంటి గల్లీల ఇప్పటికీ బండి జోరుగ తోల్త.

ఫాల్స్ సీలింగు పలక జరిపి టార్చి కొట్టిన.
కాయిల్ కాయిలంత గడ్డకట్టింది,
బర్ఫ్ బండి మీద పొట్టు కప్పిన దిమ్మె లెక్క.
నిచ్చెన కిందికెల్లి మేడమ్ అడిగింది:
"అంత మంచుంటే ఇల్లెందుకు ఉడుకుతది?"
లెక్కల టీచరు. జవాబు సగం చెప్తే ఊకోదు.
"అమ్మా, మిషను సల్లదనం పుట్టియ్యదు.
ఇంట్ల వేడిని తీస్కపోయి బయట పారబోస్తది.
ఆ వేడి దాని దాంక రావాలె.
రాకుంటె దాని సల్లదనం దాని మీదనే కూసుంటది,
పొర మీద పొర.
వాపస్ గాలి ఎక్కడ్నో ఆగింది."

హాల్ల గోడ మొదట్ల జాలీ ఉండాలె.
కనబడలే.
దానికడ్డంగ దివాన్,
బండల మీద ఈడ్చిన గీతలు ఇంకా తెల్లగనే ఉన్నయి.
దాని మీద ఒక్క మెత్త, మడత పెట్టని దుప్పటి,
షుగరు గోలీల డబ్బ, మొగాయన కండ్లద్దాలు.
లోపలి అర్ర తలుపు దగ్గరికేసి ఉన్నది.

ఫాల్స్ సీలింగు పైన చూసింది కింద చెప్తం మేం.
కింద చూసింది ఎక్కడా చెప్పం.

"ఇదెప్పుడు జరిపిన్రమ్మా?"
"బేస్తారం రాత్రి."
శుక్రారం నుంచి సల్లగాలి లేదు.
లెక్క ఆమెకే తెలిసింది.
ఎర్ర పెన్నుకు మూత పెట్టింది.

షోయబ్ ఒక పక్క, నేనొక పక్క, మూడు జానలు జరిపినం.
దుప్పటి కొస జాలీ దిక్కు కదిలింది.

కూలింగు బందు పెట్టి ఫ్యాన్ ఒక్కటే తిప్పిన.
"గీకొద్దు. వేడినీళ్ళు పోయొద్దు.
నాలుగ్గంటలో, ఆరో, దానంతటదే కరగాలె.
అర్ర తలుపు గూడ కొంచెం తెరిచి పెట్టున్రి,
పోయిన గాలికి తిరిగొచ్చే తొవ్వ ఉండాలె."
పని మాటనే చెప్పిన.
ఆమె మాత్రం తలుపు దిక్కు చూసి
ఏడు వందల యాభైకి బదులు
తొమ్మిది వందల యాభై ఎంచింది.
రెండు వందలు వాపస్ ఇచ్చిన.

రాత్రి తొమ్మిదింటికి నాగారంల ఇంకో ఇంటికాడ ఉన్నం.
ఫోను. మొగాయన గొంతు.
"బకెట్టు రెండుసార్లు నిండింది. మామూలేనా?"
"మామూలే సార్. ఇంకోటి గూడ నిండొచ్చు."
"మరి తర్వాత ఎంత మీద పెట్టాలి?"
"మీ ఇష్టం సార్. ఇరవై ఆరు మంచిది."
"ఆగు, ఆమెనడుగుత" అని
ఫోను ఎక్కడ్నో పెట్టిండు.
శానసేపు రాలే.
షోయబ్ బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతుండు.
ఫోన్ల దూరంగ నీళ్ళ సప్పుడు,
ఒక్కో చుక్క,
నడుమ నడుమ రెండు గొంతులు,
మాటలు తెలుస్తలెవ్వు.
ఆఖరికి నేనే కట్ చేసిన.