జీతం కానిది

నాయనకి జీతమంటే తెలుసు.
రాని రోజుకి కోత.
జొరమొస్తే కోత.
కాలిన బ్యారన్ ఖరీదు కూడా
ఆసామి జీతంలోంచే కోశాడు,
పన్నెండేళ్లు, నెలకింత.
పుస్తకం చివర గీత కొట్టి
'చెల్లు' అని రాసిన రోజు
నాయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.
బ్యారన్ చెల్లింది.
తిమోతి చెల్లలేదు.

కొండపి అవతల, మూసి దాటాక,
మూడో కొట్టుడు ఆకు రంగు తిరుగుతున్న రాత్రి.
పచ్చన పసుపయ్యేదాకా
మంట పెరగకూడదు, తగ్గకూడదు,
కాపలావాడు కన్ను మూయకూడదు.
నాయన మూశాడు.
సారా తాగాడు, నేనే చెబుతున్నా, దాచేదేముంది.
కర్ర జారి ఆకు గొట్టం మీద పడింది.
పొయ్యి పక్క పందిట్లో
కట్టెలందించడానికొచ్చిన పద్నాలుగేళ్ల పిల్లాడు
గోనెపట్టా కప్పుకుని పడుకున్నాడు.
మిగతాది రాయను.

అప్పట్నుంచి నాయన రాత్రుళ్లు
వాకిట్లో నులకమంచం మీద కూర్చునేవాడు.
ఏం కాపలా కాస్తున్నావయ్యా, అని అమ్మ.
జవాబుండేది కాదు.

పాపం జీతమిస్తుంది, ఆ జీతం చావు
అని పాస్టరయ్య చెప్పినప్పుడల్లా
నాయన తలూపేవాడు,
లోకంలో లెక్క తప్పని ఆసామి
ఒక్కడన్నా ఉన్నాడన్నట్టు.
ఆ వెనకమాట, ఊరికే ఇచ్చేది ఒకటుందనే మాట,
చెప్పులు విడిచే చోటే ఆగిపోయేది.
ఉచితమంటే ఆయనకి
ఎన్నికలప్పుడు వినపడే మాట.

ప్రభు బల్ల పళ్లెం వరసలో వచ్చేది.
పంతొమ్మిదేళ్లు
కాలే గిన్నె చేతులు మార్చినట్టు
పక్కవాడికి అందించాడు.

మట్టల ఆదివారం ఇంకో వారం ఉందనగా
కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగి
గుడంతా మా ఒంటి పొగాకు వాసన.
ఆడవాళ్ల చాపల మీంచి సలోమమ్మ లేచింది.
మోకాళ్లు పట్టుకుని
మగవాళ్ల వైపు నడిచొచ్చింది.
తిమోతి తల్లి.
పాట ఆగింది. ఎవరో దగ్గారు.

తన రొట్టెముక్క విరిచింది.
విరవడానికేముంది అందులో, గోరంత.
సగం నాయన అరచేతిలో పెట్టి

"తిను జక్కరయ్యా.
నా బిడ్డ లెక్క ఆయన చేతిలో పెట్టేశా.
ఎప్పుడంటే చెప్పలేను.
పెట్టడం, లాక్కోవడం, మళ్లా పెట్టడం.
ఇయ్యాల పెట్టే ఉంది.
ఇయ్యాలే తిను."

నాయన నమల్లేదు.
నోట్లో పెట్టుకుని పెదాలు బిగించాడు,
ఏడిస్తే రొట్టె జారిపోద్దేమోనని.

ఆ తర్వాత మూడేళ్లు బతికాడు.
సాధువేం కాలేదు.
బీడీ మానలేదు, అమ్మని కసరడం మానలేదు.
సారా ఒక్కటే మానాడు.
సలోమమ్మ ఇంటి ముందు నడవాల్సొస్తే
ఇప్పటికీ కండువా తీసి చేతిలో పట్టుకునేవాడు.
ఒక్కోరాత్రి మాత్రం
నులకమంచం మీద గురక వినపడేది.
అమ్మ లేపేది కాదు.

ఒంగోలు పెద్దాసుపత్రి నుంచి తెచ్చాక
సమాధుల దొడ్లో చోటు కోసం గుసగుసలు.
కుర్రాళ్లు ఓ మూల చూపించారు,
జిల్లేళ్ల అవతల, ఎవరూ లేని చోట.
సలోమమ్మ చేతికర్రతో
తిమోతి పక్కన మట్టి మీద గీత గీసింది.
ఆసామి గీతలాంటిదే.

"ఈడ తవ్వండి."

ఏందమ్మా, వీడి పక్కనా?

"ఆ పొద్దు పిల్లోడూ పడుకున్నాడు, ఈయనా పడుకున్నాడు,
మంటొక్కటే మేలుకునుంది.
ఈసారి ఇద్దర్నీ పడుకోనీండి.
కాపలా వేరే ఆయనది.
గుంట లోపల ఎట్టుంటదో తెలిసినోడు,
మూడోనాడు లేచొచ్చినోడు.
ఆయన కన్ను మూయడు."

మట్టి గట్టిగా ఉంది. నేనూ గడ్డపార పట్టా.

ఆ రాత్రి ఊరి చుట్టూ బ్యారన్లు.
చీకట్లో అక్కడక్కడా పొయ్యి నోళ్లు ఎర్రగా.
లోపల ఎక్కడో, ఎవరికీ కనపడకుండా,
ఆకు రంగు తిరుగుతోంది.
అమ్మ వాకిట్లోకొచ్చి
నులకమంచం ఎత్తి
గోడకి ఆనించింది.