పస్తున్న నీళ్లు

రెండు సీసాలు తెచ్చింది సువార్త.
ఒకటి కొండవీడు పైచెరువుది,
అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగే బీద నీళ్లు.
రెండోది గుంటూరు కాలవ దిగే కుంటది:
ఎరువు, సబ్బు నురగ, ఎంగిలి,
భోంచేసి పడుకున్నట్టు పచ్చగా.

ఒకే మందు, ఒకే కొలత.
ఫ్యాను కింద నేను గడియారం పట్టుకున్నా.

ముందు పసుపెక్కింది
కొండమీది సీసా.

"పస్తున్న నీళ్లండీ" అంది.
కంటికానని ప్రాణి
చిటికెడు భాస్వరం కోసం
తన ఒంట్లోంచే కత్తెర చేసుకుంటుందట.
పక్కదానికేం, విస్తట్లోనే ఉందిగా,
కత్తెరెందుకు?

మజ్జిగలో నీళ్లు కొలుచుకున్న హాస్టల్ ఏడాది
నాకూ ఏదో మొలిచే ఉంటుంది.
చెప్పలేదు.

సాయంత్రం సీసాలు కడగబోతే
"సబ్బొద్దు, దాన్లోనూ అదేగా" అంది.
అప్పటికే నురగ
తూము దాటి
కుంట వైపు వెళ్తోంది.