నూలుకున్న గాలి

హంటర్ రోడ్డు మీద అద్దాల కాలేజీ.
మూడో అంతస్తు, ఇంటర్ ఫస్టియర్, బి సెక్షన్.
డెబ్బై రెండు మంది, రెండు ఏసీలు,
స్క్రూలు కొట్టి మూసిన ఎనిమిది కిటికీలు.

"చల్లగనే ఉంది గద మేడం,
ఇంకేం చూస్తరు?" అన్నడు ఇన్‌చార్జి.
నేను జవాబు చెప్పలే.
అరచేతంత మీటరు తీసి
చివరి బెంచీ మీద పెట్టిన.

పొద్దున తొమ్మిదికి ఆరువందలు.
పదింటికి పద్నాలుగు వందలు.
అన్నాలు తినొచ్చినంక
రెండువేల ఎనిమిది వందలు దాటింది.
ఏసీ ఇరవై మూడు చూపిస్తనే ఉంది, దాని తప్పేం లేదు.
ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లార్చి పెడ్తది,
పాసిపోయిన కూరను ఫ్రిజ్‌ల పెట్టినట్టు.

బోర్డు మీద సారు వాయుపీడనం చెప్తున్నడు.
ఒక్కొక్క తల వాలుతుంది.
"రాత్రంత ఫోన్లు చూస్తరు, మొద్దులు."

తాడ్వాయి దిక్కు పిల్ల, ఈసం భూలక్ష్మి,
రోజూ తలుపు సందునే కూచుంటదట.
ఎందుకని అడిగితె
"ఈడ అక్షరాలు ఆగుతయి మేడం,
లోపలైతె ఈదుతయి" అన్నది.
నా మీటరు కొనకముందే
ఆ పిల్ల ముక్కు కొలిచిపెట్టింది.

మా బాపు బట్టల మిల్లుల పనిజేసిండు.
మగ్గం మీద కాదు, గాలి డిపార్ట్‌మెంట్ల.
నేల కింద సొరంగం, అండ్ల నీళ్ల తుంపర,
నిలువెత్తు ఫ్యాను.
గాలి పొడిబారితె నూలు తెగుతది.
అందుకని గంటగంటకు
తడిబట్ట చుట్టిన థర్మామీటరు చూసి
పలక మీద సుద్దతోని రాసేటోడు.
బయట వరంగల్ నలభై ఐదు దగ్గర ఉడుకుతుంటె
లోపల నూలు
వానకాలపు పొద్దటి గాలి పీల్చుకుంట నిలబడేది.
బాపు దగ్గును మాత్రం
ఏ పలక మీదా ఎవరూ రాయలే.
మిల్లు మూతబడ్డనాడు
ఆ థర్మామీటరు ఇంటికి తెచ్చిండు.
దొంగతనం అన్నది అమ్మ.
బోనస్ అన్నడు బాపు.

గిర్మాజిపేట సర్కారు బడిల
నా గదికి ఇరవై అడుగుల గోడ,
కొసకు తిరిగే వెంటిలేటరు, దానికి తాడు.
తాడు గుంజుడు ఆరో తరగతిల నా డ్యూటీ.
వేడిగాలి పైకి పోతదని
పుస్తకం కంటె ముందు నా అరచేయికి తెలుసు.
పావురాలు గూడు పెడ్తున్నయని
ఒక ఎండకాలం తాడు కోసేసిన్రు.
ఆ ఏడే లెక్కల సారు
నాకు నిద్రమొహం అని పేరు పెట్టిండు.
పదో తరగతి దాక నా వెంట వచ్చిందా పేరు,
హాజరు పట్టీల లేకున్నా.

రిపోర్టు రాసిన.
మనిషికి సెకనుకు పది లీటర్ల బయటి గాలి,
డెబ్బై రెండు మందికి ఏడువందల ఇరవై.
దుమ్ము ఆపే వడపోత.
పోయేటి గాలి చలువను
వచ్చేటి గాలికి అప్పజెప్పే చక్రం.
కింద ఖర్చు.

ఛైర్మన్ అద్దాలు పైకెత్తి చూసిండు.
"పీల్చే గాలికి పైసలా మేడం?
ఏసీ క్యాంపస్ అని బోర్డు రాస్తె పిల్లలొస్తరు.
గాలి క్యాంపస్ అని రాస్తె నవ్వుతరు."

"పైసల ముచ్చట తర్వాత,
ఒక స్క్రూడ్రైవరు ఇప్పియ్యిండ్రి" అన్న.

ఎదురెదురు గోడలకు రెండు కిటికీలు తెరిచిన.
శివరాత్రి దాటిన ఎండ లోపలికొచ్చింది, అబద్ధమెందుకు?
కాజీపేట దిక్కు రైలు కూత,
మిర్చి బస్తాల లారీ పోయిన ఘాటు.
ఎవరో తుమ్మిన్రు, క్లాసంత నవ్వింది.
ఆ పూట అది మొదటి చప్పుడు.
ఏసీ మూలిగింది. ఇన్‌చార్జి కరెంటు బిల్లు అన్నడు.
మీటరు మెల్లగ దిగింది,
పదకొండు వందల దగ్గర ఆగింది.
వెనుక బెంచీ పోరడొకడు చెయ్యెత్తి
డౌట్ సార్ అన్నడు.

సోమారం మళ్ల పోయిన.
రెండు కిటికీలకు కొత్త స్క్రూలు, తళతళ మెరుస్తున్నయి.
తలుపు మాత్రం మూసుకోలే.
సందుల ఒక నీలం రబ్బరు చెప్పు,
అరిగిన మడిమెతోని, అడ్డంగ పెట్టి ఉంది.

ఎవరిదని నేను అడగలే.